బానెట్ తెరిచి ఉన్నంతసేపు

కృష్ణమోహన్ ఇంటి తలుపు మీద 'పురుషులకు లోపలికి ప్రవేశం లేదు' అని ఒక బోర్డుంది. ఆ బోర్డు రాయించింది కృష్ణమోహనే. మేకు కొట్టి తగిలించిందీ ఆయనే. ఇప్పుడు ఆ తలుపు ముందు నిలబడి రెండుసార్లు దగ్గి, "అమ్మా, వస్తున్నానమ్మా" అని కేకేసి, లోపల పిల్లలు చున్నీలు సర్దుకునేదాకా చెప్పుల స్టాండు వంక చూస్తూ ఆగేదీ ఆయనే. సొంతింట్లోకి ఇలా అడుగుపెట్టే మగాడు అమీర్‌పేట మొత్తం మీద ఇంకొకడుంటే చూపించండి, పిలిచి శాలువా కప్పుతాను.

తప్పెవరిదీ కాదు. మైత్రీవనం వెనక సందులో ఆయనకి ఒకప్పుడు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కుర్చీలు చాలక పిల్లలు గుమ్మంలో నిలబడి పాఠం విన్న రోజులు చూశాడాయన. కరోనా వచ్చి తాళం వేయించింది. పోయాక తాళం తీస్తే వినడానికి ఒక్కడూ రాలేదు, అందరూ ఫోన్లో పాఠాలు మరిగారు. 'వస్తార్లే, ఎక్కడికి పోతారు' అనుకుంటూ ఆయన ఖాళీ కుర్చీలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. భార్య దుర్గాంబ కూర్చోలేదు. తణుకు దగ్గర పల్లె నుంచి కాపురానికొచ్చిన మనిషి, పొయ్యి ముందు నిలబడితే ఎంతమందికైనా చెయ్యి తడబడదు. ఆ కుర్చీలమ్మేసి ఇనప మంచాలు కొంది. నెల తిరక్కుండా వాళ్ల మూడు గదుల ఫ్లాటు లేడీస్ హాస్టల్ అయి కూర్చుంది.

మంచి పనే చేసింది, ఎవరు కాదన్నారు? ఇల్లు గడుస్తోంది. కానీ ఇల్లు గడిచేకొద్దీ ఇంటాయనకి చోటు కరిగిపోయింది. భార్యాభర్తలిద్దరికీ మిగిలింది వంటింటి పక్కన సామాన్ల గది. బియ్యం బస్తాల మధ్య ఒక మంచం. రాత్రి పడుకోవడానికి సరే, పగలు ఎక్కడుండాలి మనిషి? హాల్లో పిల్లలు లాప్‌టాప్‌లు పెట్టుకుని ఇంటర్వ్యూలకి చదువుకుంటుంటారు. బాల్కనీలో ఆయన చూడకూడని బట్టలు ఆరేసి ఉంటాయి. వంటింట్లో దుర్గాంబా, ఆవిరీ. పిల్లలు బంగారుకొండలు, పల్లెత్తు మాటనరు. "అంకుల్, కొంచెం జరుగుతారా" అంటారు. ఆ జరగడం జరగడం ఆయన మెట్ల మీదికి, మెట్ల మీంచి కిందికి, కిందినుంచి సెల్లార్లోకి జరిగిపోయాడు.

సెల్లార్లో ఆయన కారుంది. ఇన్‌స్టిట్యూట్ బాగా నడిచిన రోజుల్లో కొన్న చిన్న కారు. అన్నిటికంటే లోపల, గోడకీ స్తంభానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాని ముందు ఇంకో రెండు కార్లు అడ్డం. ఈ బిల్డింగుల్లో ఒక పద్ధతుంది, మీకూ తెలిసే ఉంటుంది. అడ్డంగా పెట్టేవాడు గేరు తీసేసి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా వదిలిపోవాలి. లోపలివాడు అవసరమైనప్పుడు దాన్ని భుజంతో తోసుకుని బయటపడతాడు. లోపలి బండి కదిలేదైతే ఆ పద్ధతి పనికొస్తుంది. కృష్ణమోహన్ బండి కదలడం మానేసి ఏళ్లయింది, కనక ఎవరూ దేన్నీ తొయ్యలేదు. అద్దాల మీద దుమ్ము పేరుకుని లోపలున్నది మనిషో మూటో తెలియకుండా పోయింది. అదే ఆయనకి కావలసింది. రోజూ టిఫిన్ పెట్టడం అవగానే "అసోసియేషన్ పనుంది" అని దుర్గాంబతో చెప్పి, పేపరు చంకలో పెట్టుకుని కిందికొచ్చి, డ్రైవరు పక్క సీటు వెనక్కి వాల్చుకుని పడుకునేవాడు. తల కింద చిన్న దిండు, మొహం మీద తువ్వాలు. అద్దం బెత్తెడు దించుకుంటే గాలి. ప్రపంచంలో ఆయనని జరగమనని చోటు అదొక్కటే. సెల్లార్లో ఆడుకోవడానికొచ్చిన పిల్లల్ని వాచ్‌మన్ భార్య చంద్రమ్మ ఎప్పటికప్పుడు బయటికి తరిమేది. పాపం మంచి మనిషి అనుకునేవాడు.

ఉన్న ఒక్క సుఖానికీ దిష్టి తగిలింది. అసోసియేషన్‌కి కొత్త ప్రెసిడెంటుగా రాజనర్సయ్య వచ్చాడు. కరెంటు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, పని లేకపోతే నిద్రపట్టదు. మొదటివారమే సెల్లారంతా టార్చిలైటు వేసుకుని తిరిగి, కృష్ణమోహన్ కారు టైరుని కాలితో తట్టాడు.

"సార్, జర ఇనుండ్రి. గీ బండి నడుస్తదా?"

"నడుస్తుందండీ. ఈమధ్య తియ్యలేదంతే."

"ఈమధ్యనా?" రాజనర్సయ్య వేలితో బానెట్ మీద గీత గీసి, అంటిన దుమ్ము చూపించాడు. "మీరేమన్న అనుకోండ్రి, నడవని బండ్లు ఇగ సెల్లార్ల ఉండొద్దని తీర్మానం జేసినం. ఫస్ట్ ఫ్లోరోళ్లకు కొత్త బండొచ్చింది, పెట్టుకునే జాగ లేదు. వచ్చే ఐతారం కమిటీ అంత వస్తం. స్టార్ట్ చేసి, నడిపి సూపెట్టుండ్రి. నడిస్తే జాగ మీదే, ఎవ్వడేమనడు. నడవకుంటే బండి తుక్కుకు, జాగ వాళ్లకు. మాటంటే మాట."

"మాటంటే మాటే," అన్నాడు కృష్ణమోహన్. ఇంకేమనగలడు?

ఈ సంగతి దుర్గాంబకి చెప్తే బాధపడుతుందనుకున్నాడు. ఆవిడ మొహం చింకి చాటంత అయింది. "మంచిదే అయిందండీ. ఆయనైనా కదిపాడు మిమ్మల్ని. బండి నడిస్తే పొద్దున్నే ఎర్రగడ్డ రైతుబజారుకి మీరే వెళ్లొచ్చు. ఆటోవాడితో రోజూ నాకు గొడవ తప్పుతుంది. వెనక సీటు మడిచేస్తే కూరల బస్తాలన్నీ పట్టేస్తాయి. సాయంత్రం పాలూ పెరుగూ. కొత్తపిల్ల వస్తే స్టేషన్ నుంచి సామాను," అని గరిట ఊపుతూ చెప్పుకుపోయింది.

కృష్ణమోహన్‌కి తన దిండు ఉండేచోట కాలీఫ్లవర్లు కళ్ల ముందు కనిపించాయి. బండి నడవకపోతే చోటు పోతుంది. నడిస్తే కూడా చోటు పోతుంది. ఏం చేసినా పోయేదానికి మనిషి ఏం చెయ్యాలి? రాత్రంతా బియ్యం బస్తా వైపు తిరిగి పడుకుని ఆలోచించి, తెల్లారేసరికి ఒక దొంగ ఆలోచన పట్టాడు. ఆదివారం ఒక్కరోజు బండి నడవాలి. కమిటీ చూసి పోవాలి. సోమవారం ఒక వైరు పీకి జేబులో వేసుకుంటే మళ్లీ చచ్చినట్టు పడి ఉంటుంది. రాజనర్సయ్య మాటిచ్చాడు కనక చోటు తనదే. దుర్గాంబకి 'పాత బండి కదా' అంటే సరి. కట్టుకున్న భార్యని మోసం చెయ్యడమే, అందులో సందేహం లేదు. అది తెలిసే, ఆయన ఆ పొద్దున ఆవిడ మొహంలోకి చూడకుండా టిఫిన్ తిన్నాడు.

పంజాగుట్ట వెనక సందులో షెడ్డున్న ఇస్హాక్ పాత మెకానిక్. బండి కొన్న రోజుల నుంచీ ఎరిగినవాడు. వచ్చి బానెట్ లేపి, వెంటనే మళ్లీ దించేశాడు.

"తోబా. క్యా సాబ్, ఇది ఇంజనా, కచరాడబ్బానా?"

మళ్లీ లేపారు. అబ్బో, ఏం చెప్పమంటారు. కారిన నూనె మీద దుమ్ము, దుమ్ము మీద మళ్లీ నూనె, అలా కట్టి కట్టి అంతా ఒకే నల్లటి ముద్ద అయిపోయింది. ఏది గొట్టమో ఏది వైరో చెప్పడానికి లేదు. బ్యాటరీ మీద తెల్లగా పూత పూసింది. మూలల్లో పావురాయి ఈకలు, చపాతీ ముక్కలు, హాస్టల్ పిల్లల జుట్టుకి పెట్టుకునే రబ్బరుబ్యాండ్లు, సగం కొరికిన టిఫిన్ డబ్బా మూత. వాటన్నిటి మధ్యలో, ఇంజను మీద వెచ్చగా, కాగితం పీలికలతోనూ సీటు స్పాంజితోనూ కట్టుకున్న పెద్ద ఎలక గూడు. బానెట్ లేవగానే అందులోంచి రెండు దూకి గోడవారగా పారిపోయాయి.

"సంసారం జేస్తున్నయి సాబ్ ఇక్కడ. మస్తు జాగ ఉంది," అన్నాడు ఇస్హాక్. కృష్ణమోహన్‌కి ఎలకల మీద అసూయ కలిగింది. నవ్వకండి, నిజంగానే కలిగింది.

"ఒక్క ఆదివారం నడిస్తే చాలు భాయ్."

"ఒక్క దినమా? బండిని ఒక్క దినానికి నడిపిచ్చేటోణ్ణి నా నౌకరీల ఇప్పుడే జూస్తున్న," అని ఇస్హాక్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "చేస్త. కానీ గీ గలీజుల నేను చెయ్యి పెట్ట. ముందు మీరు సాఫ్ చేయుండ్రి. అంత తీసినంక పిలువుండ్రి. పైపుతోని మాత్రం నీళ్లు కొట్టకుండ్రి సాబ్, కొడితే అయిపాయె, మీ ఐతారం సుత ఉండదు."

అలా మొదలైంది. మొదటిరోజు ముక్కుకి తువ్వాలు కట్టుకుని, చేతులకి పాలిథిన్ కవర్లు తొడుక్కుని, చెత్తంతా చేత్తోనే ఏరాడు. ఎలక గూడు విప్పుతుంటే ఒక కాగితం పీలిక వేలికి అంటుకుంది. రంగు కాగితం. తెచ్చి వెలుతుర్లో చూస్తే దాని మీద ఒక కన్ను, సగం మీసం, టై ముడి. ఆయన కన్నే, ఆయన మీసమే. ఇన్‌స్టిట్యూట్‌కి అచ్చేయించిన కరపత్రాల కట్ట ఒకటి డిక్కీలో ఉండిపోయింది, ఎలకలు దాన్నంతా మోసుకొచ్చి పక్క పరుచుకున్నాయి. 'నేడే చేరండి' అన్న ముక్క కూడా దొరికింది. ఎవరూ చేరలేదు, ఎలకలు చేరాయి. ఆయన ఆ కాగితాలని సంచిలో వేసి మూతి ముడేశాడు. చాలాసేపు ఆ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఏడుపొచ్చింది, కానీ పైన ఫ్లాట్ల పిల్లలు స్కూటీలు తియ్యడానికొచ్చారు.

తర్వాత బ్యాటరీనీ, ఫ్యూజు పెట్టెనీ కవర్లతో చుట్టి, డబ్బాలో డీజిల్ తెచ్చుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దాడు. ఒక చోట రుద్ది, నాననిచ్చి, గుడ్డతో తుడిచి, మళ్లీ రుద్దడం. గుడ్డలన్నీ దుర్గాంబ దగ్గర అడిగి తెచ్చుకున్నవే, పాత దుప్పట్లు చింపి ఇచ్చింది. "ఎంత కష్టపడుతున్నారండీ," అంది కూడా. ఆ మాటకి ఆయనకి తల కొట్టేసినట్టయింది. ముద్దలు మెత్తబడి ఊడొస్తుంటే కింద నుంచి లోహం తేలడం మొదలుపెట్టింది. వెండి రంగు మూత, ఎర్రటి వైరు, పసుపుపచ్చ పట్టీ. ఇంతకాలం ఏ పనీ లేని చేతులు, వాటికి ఆ పని నచ్చింది. నడుం పట్టేసినా వదల్లేదు. దంతాల సందుల్లో తీసినట్టు ప్రతి సందులోనూ పుల్లకి గుడ్డ చుట్టి తీశాడు. చంద్రమ్మ వచ్చి చూసి, "అద్దం లెక్క చేసిండ్రు గద సార్," అని బుగ్గలు నొక్కుకుంది. చివరికి ఇస్హాక్ వచ్చి కొరికేసిన వైర్లు అతికి, వేరే బ్యాటరీ పెట్టి, నూనె మార్చి, డబ్బాతో తెచ్చిన కాస్త పెట్రోలు పోసి తాళం తిప్పితే, అది రెండుసార్లు దగ్గి అందుకుంది. దగ్గి లోపలికి రావడం ఆ బండికి కూడా అలవాటైనట్టుంది.

ఏ వైరు పీకాలో కూడా కృష్ణమోహన్ ఇస్హాక్‌ని మాటల్లో పెట్టి కనుక్కున్నాడు. ఎర్రది, ఎదురుగా చేతికందేచోటే ఉంది.

ఆదివారం పొద్దెక్కాక కమిటీ దిగింది. అడ్డంగా ఉన్న రెండు కార్లని నలుగురూ కలిసి తోసి పక్కకి పెట్టారు. కృష్ణమోహన్ తాళం తిప్పాడు, బండి పలికింది. చంద్రమ్మ చప్పట్లు కొట్టింది. అంతటితో అయిపోవలసిందే. కానీ రాజనర్సయ్య బానెట్ లేపమన్నాడు. లేపగానే ఆయన మొహం మారింది.

"ఇంజన్ కడిగిండ్రా సార్?"

"కడగలేదండీ, తుడిచాను. వారం పట్టింది." కృష్ణమోహన్ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"అదే అంటున్న. నేను సెకండ్‌హ్యాండ్ బండ్లు మస్తు కొన్న, అమ్మిన. ఇంజన్ గింత సాఫ్ చేసిండంటే ఏదో దాస్తుండని లెక్క. మురికుంటే నూనె యాడికెళ్లి కారుతుందో తెలుస్తది. గిట్ల తుడిస్తే ఏం తెలుస్తది?" కమిటీలో మిగతావాళ్లు తలలూపారు. "మీరు గేటు దాకా తెచ్చి నడిచిందంటే నేనొప్ప. పంజాగుట్ట దాకా పోయి, యూటర్న్ కొట్టి రాండ్రి. అరగంటల రావాలె. మేం గేటుకాడ కూసుంటం. కింద అట్టముక్క పెట్టి సుక్క పడ్తదేమో సూస్తం. నడుమల ఆగిందా, ఇగ మళ్ల అడగొద్దు."

చూశారా అన్యాయం. మురికిగా ఉంటే నడవదంటారు, శుభ్రం చేస్తే దొంగ అంటారు. అయితే కృష్ణమోహన్ నిజంగానే ఒకటి దాస్తున్నాడు కనక, కోపం తెచ్చుకునే మొహం కూడా లేకపోయింది.

ఈలోగా దుర్గాంబ దిగి వచ్చింది. ఆదివారం కదా, పైన కోడికూర పొయ్యి మీదుంది. పసుపంటిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "నేనూ వస్తానండీ. రేపట్నుంచి దీన్ని నమ్ముకునేది నేనేగా. రవళిని పొయ్యి చూడమన్నాను, పావుగంటేగా," అని ముందు సీట్లో ఎక్కేసింది. రవళి హాస్టల్లో పెద్దపిల్ల. దుర్గాంబ ఎక్కింది కృష్ణమోహన్ వాల్చుకునే సీటే. దాన్ని నిటారుగా లేపడం ఆయన మర్చిపోయాడు. ఆవిడ కూర్చుందామని వెనక్కి పడింది. దిండు తగిలింది. తువ్వాలు చేతికొచ్చింది.

బండి గేటు దాటి రోడ్డెక్కింది. మెట్రో స్తంభాల పక్కనుంచి పోతుంటే ఆయన చూపు రోడ్డు మీదే పెట్టాడు. దిండు గురించి అడుగుతుందని ఎదురుచూశాడు. ఆవిడ అడగలేదు.

"మెత్తగా ఉందండీ," అంది.

"అది… అప్పుడప్పుడూ…"

"నాకు తెలుసు. అసోసియేషన్‌కి అంత పనేముంటుంది, నేను వెర్రిదాన్నా? మొదట్లో ఒకరోజు పాలకని దిగి చూశా. నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. చంద్రమ్మకి నేనే చెప్పా, పిల్లల్ని అటు రానివ్వొద్దని." అద్దంలోంచి వచ్చే గాలికి ఆవిడ కళ్లు మూతపడుతున్నాయి. "మీకన్నా ఓ చోటుందిలే అనుకున్నా. నాకైతే స్నానాలగదిలో కూర్చున్నా తలుపు కొడతారు."

ఆ చివరి మాట ఆవిడ ఫిర్యాదుగా అనలేదు. నవ్వుతూనే అంది. కృష్ణమోహన్ తనని అందరూ జరగమంటున్నారని ఇన్నేళ్లూ కుమిలాడు కానీ, ఆవిడ జరగడానికి కూడా వీల్లేకుండా నిలబడి ఉందని ఒక్కరోజూ తట్టలేదు. కూరలకి తనే తిరుగుతుంది, తనే తరుగుతుంది, వండుతుంది, వడ్డిస్తుంది, ఏ పిల్లకి జ్వరమొచ్చినా రాత్రి లేచేది తనే. ఆవిడ కూర్చుని ఉండగా ఆఖరిసారి ఎప్పుడు చూశాడో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. అలాంటి మనిషికి రేపు వైరు పీకి అబద్ధం చెబుదామని తయారయ్యాడు. ఆయనకి తన మీద తనకే అసహ్యమేసింది.

ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచి పక్కకి తిరిగితే, దుర్గాంబ నిద్రపోయింది.

పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్ ఎప్పటిలాగే బిగుసుకుపోయి ఉంది. ఆదివారమైనా తేడా లేదు. ఎటూ కదలడానికి లేదు, ముందు బస్సు, వెనక ఆటో, పక్కన బైకులు. రోజూ ఈ జాములో ఇరుక్కున్నవాళ్లు తిట్టుకుంటూ ఉంటారు. కృష్ణమోహన్ మాత్రం ఈ సిగ్నల్ పడకుండా ఉంటే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాడు. దేవుడు ఎప్పుడు విన్నాడు కనక. పచ్చలైటు పడింది, వెనక హారన్లు మోగాయి. దాటి యూటర్న్ తీసుకుంటే ఇల్లు ఎంతో దూరం లేదు. ఇంటికెళ్తే గేటు దగ్గర కమిటీ, పైన వడ్డనకి ఎదురుచూసే కంచాలు. ఇలాగే ఇంకా దూరం నడుపుకుంటూ పోదామంటే ఇస్హాక్ పోసిన పెట్రోలు రాకపోకలకి సరిపడా మాత్రమే.

యూటర్న్ తీసుకున్నాడు. కొంచెం ముందుకొచ్చి, చెట్టు నీడ పడ్డచోట ఎడంపక్కకి తీసి, ఇంజను ఆపేశాడు. దుర్గాంబ కదిలింది. ఆయన తాళం తియ్యబోయి ఆగాడు. ఆవిడ తల దిండు మీద ఇంకో పక్కకి తిప్పుకుని పడుకుంది.

రోడ్డు పక్కన ఊరికే ఆపితే ఊరుకుంటారా? ట్రాఫిక్ కానిస్టేబుల్ అప్పుడే విజిలేసుకుంటూ వస్తున్నాడు. కృష్ణమోహన్ గభాల్న దిగి, చప్పుడు కాకుండా బానెట్ లేపి కడ్డీ ఆనించాడు. చెడిన బండినైతే ఎవరూ కదలమనరు. బానెట్ తెరిచి ఉన్నంతసేపు మనిషిని జరగమనే హక్కు ఈ ఊళ్లో ఎవరికీ లేదు.

"గీడ ఆపిండ్రేంది సార్?"

"ఆగిపోయింది బాబూ. వేడెక్కింది."

కానిస్టేబుల్ వంగి లోపలికి చూశాడు. "ఇంజన్ చూస్తే షోరూం నుంచి వచ్చినట్టున్నది. దీనికేం బీమారొచ్చింది?" అంటూ తల తిప్పితే, అద్దంలోంచి సీటు మీద దుర్గాంబ కనిపించింది. నోరు కొంచెం తెరుచుకుని, పసుపుచేతులు ఒళ్లో వదిలేసి. అతను ఆవిడ వంక చూశాడు, పొగా ఆవిరీ లేని ఇంజనుని మళ్లీ చూశాడు, కృష్ణమోహన్ మొహం చూశాడు.

"సరే, చల్లారనియ్యుండ్రి," అన్నాడు. "మా సార్ వస్తే మాత్రం తీసెయ్యాలె." విజిల్ నోట్లో పెట్టుకుని అవతలికి పోయి, ఊదకుండా నిలబడ్డాడు.

దుర్గాంబ ఒళ్లో ఫోన్ వణికింది. కృష్ణమోహన్ కిటికీలోంచి చెయ్యి పెట్టి మెల్లగా తీసుకుని, దూరంగా వెళ్లి మాట్లాడాడు. రవళి. "ఆంటీ ఎక్కడ అంకుల్? కూర అయిపోయింది, అందరూ కూర్చున్నారు."

"నువ్వే వడ్డించెయ్యమ్మా ఇవాళ. ఆంటీ పనిలో ఉంది."

అది పెట్టేసరికి ఆయన ఫోనే మోగింది. రాజనర్సయ్య.

"సార్, ఏడున్నరు? మా వాడు బండి మీద వస్తుంటే చూసిండంట, మీరు పంజాగుట్టల బానెట్ లేపుకొని నిలబడ్డరంట. బండి ఆగిందా?"

కృష్ణమోహన్ వెనక్కి తిరిగి కారు వంక చూశాడు.

"అరగంట ఎప్పుడో అయిపాయె. మీ మొహం జూసి ఇంకోసారి అడుగుతున్న సార్. ఆగకుంటే ఇప్పుడే స్టార్ట్ చేసి రాండ్రి, జాగ మీదే. ఆగితే ఆగిందని చెప్పుండ్రి, మేం లేచి పోతం. అన్నం తినే టైమాయె."

తాళం జేబులోనే ఉంది. ఒక్కసారి తిప్పితే చాలు, బండి పలుకుతుంది. పలికితే ఆవిడ లేస్తుంది. లేస్తే 'అయ్యో, నిద్రపట్టేసింది, పిల్లలకి అన్నం' అంటుంది. గోడకీ స్తంభానికీ మధ్య ఆ చీకటి, ఆ వాల్చిన సీటు, మొహం మీద తువ్వాలు, పిల్లల్ని తరిమే చంద్రమ్మ కేక, అన్నీ ఒక్కసారి ఆయన కళ్ల ముందు తిరిగాయి. ఆ చోటు పోతే రేపట్నుంచి ఎక్కడ కూర్చోవాలో ఆయనకి నిజంగానే తెలియదు. భయమేసింది కూడా.

"ఆగిపోయిందండీ," అన్నాడు.

"పక్కానా సార్? మాటంటే మాట మరి."

"మాటంటే మాటే నర్సయ్యగారూ. ఫస్ట్ ఫ్లోరువాళ్లని పెట్టుకోమనండి."

ఫోన్ జేబులో పెట్టుకుని బండి దగ్గరికొచ్చాడు. ఎండ చెట్టుని దాటి బానెట్ మీదికి వచ్చేసింది. కానిస్టేబుల్ చూస్తున్నాడు కనక ఏదో ఒకటి చేస్తున్నట్టుండాలి. జేబులోంచి గుడ్డముక్క తీసి, వంగి, తుడవడానికి ఏమీ లేని ఇంజనుని మొదటి నుంచి తుడవడం మొదలుపెట్టాడు. మూత తుడిచాడు, పట్టీ తుడిచాడు. రేపు పీకుదామనుకున్న ఎర్రవైరు ఎదురుగానే ఉంది. దాన్ని కూడా ఈ చివర నుంచి ఆ చివరిదాకా తుడిచాడు.

"ఏవండీ," అని లోపల్నుంచి నిద్రగొంతు వినిపించింది. "ఇంటికొచ్చేశామా?"

"ఇంకా లేదు," అన్నాడు కృష్ణమోహన్, బానెట్ చాటు నుంచి తలెత్తకుండా. "పడుకో."

ఆవిడ మళ్లీ పడుకుంది.